అత్తగారికి పోర్ట్ పెట్టించాలా, పిక్ లైన్ చాలా?

ప్రశ్న: మాది కదిరి. నేను, మా ఆయన ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి కె.ఆర్.పురం దగ్గర ఉంటున్నాం. మా అత్తగారికి 58 ఏళ్లు, షుగర్ ఉంది. ఎడమ రొమ్ముకి క్యాన్సర్ ఆపరేషన్ చేసి, చంకలో నోడ్స్ (గ్రంథులు) కూడా తీశారు. ఇప్పుడు కీమో నడుస్తోంది. మూడు వారాలకోసారి ఎర్ర మందు నాలుగుసార్లు, తర్వాత వారం వారం పన్నెండు, దాంతోపాటు ఏడాది పొడవునా మూడు వారాలకోసారి ఇంకో ఇంజెక్షన్ అన్నారు. ఎర్ర మందు రెండుసార్లు అయ్యేసరికే కుడిచేతి నరాలు నల్లబడి గట్టిపడ్డాయి. పోయినసారి ఇద్దరు నర్సులు మారి నాలుగు చోట్ల పొడిస్తే గానీ నరం దొరకలేదు. పోర్ట్ గానీ పిక్ లైన్ గానీ పెట్టించుకోమన్నారు డాక్టర్. పోర్ట్‌కి చెప్పిన ఖర్చు విని మా ఆయన పిక్ లైన్ చాలంటున్నారు. అత్తగారేమో "గుండెలో మిషన్ పెడతారంట, నాకొద్దు" అని ఏడుపు. అది పెట్టారంటే ఆఖరి స్టేజే అని ఊళ్లో ఎవరో చెప్పారట. కీమోకీ కీమోకీ మధ్య ఆవిడ కదిరి వెళ్లిపోతారు, ఇక్కడ ఫ్లాట్‌లో ఉండలేరు. ఫాల్గుణంలో నరసింహస్వామి తేరు చూడాలని కూడా పట్టుబడుతున్నారు. మాకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
— ఒక కోడలు, బెంగళూరు

సమాధానం:

అమ్మా, మీరు రాసిన వివరాలు చూశాక నేనైతే పోర్టే పెట్టించమంటాను. పోర్ట్ అంటే ఛాతీ మీద చర్మం కింద దాచే చిన్న గిన్నె, పిక్ లైన్ అంటే పై చేతిలోంచి లోపలికి పంపే పొడవాటి గొట్టం, కీమో మందు ఎక్కించడానికే రెండూ. డబ్బు సర్దుబాటు కాకపోతే రెండో దారి ఉంది, అదీ చెప్తాను. నేను డాక్టర్ని కాను, ఈ ఊళ్లోనే డే కేర్ కీమో వార్డులో పనిచేసే నర్సుని. ఏ మందు ఇవ్వాలి, ఎన్నిసార్లు ఇవ్వాలి అన్నది మీ ఆంకాలజిస్టు, అంటే క్యాన్సర్ డాక్టర్ తేల్చాల్సిన సంగతి. ఆ మందు ఒంట్లోకి ఏ దారిన వెళ్లాలి, ఆ దారి ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నది మాత్రం మాకు రోజూ ఉండే తలనొప్పే.

ముందు ఆ కుడిచేయి సంగతి. నరాలు అలా అయిపోవడం ఆవిడ ఒంటి లోపం కాదు, నర్సులకి పని రాకా కాదు. ముంజేతి నరాలు సన్నవి, వాటిలో పారే రక్తం తక్కువ. అందులోకి కీమో మందు వెళ్తే చిక్కగానే వెళ్తుంది. నరం గోడ వాచి, లోపల రక్తం గడ్డకట్టి, చేత్తో తడిమితే గట్టిగా తగులుతుంది. మెడ కింద గుండెకి దగ్గరగా ఉండే పెద్ద నరంలో అయితే అదే మందు క్షణంలో పలచబడిపోతుంది. పిల్లకాలువలో ఒలికిన రంగు గట్టు పొడుగునా అంటుకుంటుంది, ఏట్లో ఒలికితే జాడ కూడా కనపడదు. పోర్ట్ అయినా పిక్ లైన్ అయినా చేసేది ఇంతే, మందుని నేరుగా ఏట్లోకి చేరుస్తాయి.

ఆవిడకి పెట్టిన క్యాన్యులా, అదే మందు ఎక్కించడానికి చేతి నరంలో ఉంచే సన్నని ప్లాస్టిక్ గొట్టం, దాని రంగు మీకు గుర్తుందా? పింక్ అంటే 20 గేజ్, బ్లూ 22, పసుపు 24. నంబరు పెరిగే కొద్దీ సన్నం. మొదటిసారి పింకో బ్లూనో పెట్టి, రెండోసారి పసుపుకి దిగి ఉంటారు. పసుపు సాధారణంగా చిన్నపిల్లలకి వాడేది. పెద్దవాళ్లకి దానిదాకా వచ్చామంటే ఆ చేతిలో ఇంక పెద్దగా మిగల్లేదని మాకు అర్థమైపోతుంది. ఎడమ చంకలో నోడ్స్ తీశారు కాబట్టి ఆ చేతికి సూది పెట్టడానికి, బీపీ చూడటానికి కూడా వెనకాడతారు, చేయి వాస్తుందన్న భయం. అంటే ఆవిడకి ఉన్నది ఒకటే చేయి, అదీ సగం పోయింది.

ఇంకో రెండుసార్లు ఎలాగోలా చేతికే లాగించేద్దాం అని మీకు అనిపించవచ్చు. ఆ రెండూ ఎర్ర మందువే కాబట్టి నాకు భయం. దాని పేరు డాక్సోరూబిసిన్. నరంలో ఉన్నంతసేపు అది మందు. నరం చిట్లి బయటి కండలోకి కారిందంటే అక్కడి చర్మాన్ని, కొవ్వుని చంపేస్తుంది. పుండు వెంటనే పడకపోవచ్చు, రోజులు గడిచే కొద్దీ లోతు పెరుగుతుంది. కొందరికి ఆపరేషన్ చేసి చచ్చిన భాగం తీసేయాల్సి వస్తుంది. పాడైపోయిన నరంలో ఈ ప్రమాదం ఎక్కువ. ఏ కారణం వల్లనైనా తర్వాతి డోసు చేతికే ఇవ్వాల్సి వస్తే, మందు ఎక్కేటప్పుడు మంట పుట్టిందా, సూది చుట్టూ ఉబ్బిందా, ఆ క్షణమే నర్సుని పిలవమని అత్తగారికి గట్టిగా చెప్పండి. మన పెద్దవాళ్లు "పాపం ఆ పిల్లల్ని ఎన్నిసార్లు పిలుస్తాం" అని ఓర్చుకుంటారు. ఈ ఒక్క విషయంలో ఓర్చుకోకూడదు. మీ అంతట మీరు వేడి కాపడం కూడా పెట్టకండి, ఈ మందుకి అది చెరుపు చేస్తుంది.

ఇక గుండెలో మిషన్ సంగతి. పోర్ట్‌లో బ్యాటరీ లేదు, కరెంటు లేదు, తిరిగేది ఏదీ లేదు. పది రూపాయల బిళ్లంత వెడల్పున టైటానియంతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేసిన చిన్న గిన్నె, దానికి పైన సిలికాన్ మూత, పక్కనుంచి సన్నని గొట్టం. గిన్నె కాలర్ ఎముకకి కొంచెం కింద చర్మం లోపల ఉంటుంది. గొట్టం మెడ దగ్గర నరంలోకి దూరి, గుండెలోకి రక్తం తెచ్చే పెద్ద నరం చివర్లో ఆగుతుంది. మందు ఇచ్చే రోజు చర్మం మీదుగా ఆ సిలికాన్ మూతలోకి సూది గుచ్చుతాం. సాయంత్రం సూది తీసేస్తే పైకి కనిపించేది చిన్న ఉబ్బు మాత్రమే. ఆ సూది కూడా మామూలుది కాదు. హ్యూబర్ సూది అంటారు, సిలికాన్‌ని తొలిచేయకుండా చీల్చుకుని వెళ్లేలా మొన వంపు తిరిగి ఉంటుంది. తీయగానే మూత మళ్లీ కలుసుకుంటుంది. దాంతో గుచ్చితే ఒక పోర్ట్ వెయ్యి పోట్లు తట్టుకుంటుందని తయారీదారులు చెబుతారు. మామూలు సిరంజీ సూదితో గుచ్చితే కొన్నిసార్లకే కారడం మొదలవుతుంది.

గుండె దాకా గొట్టం అంటే ఒకప్పుడు డాక్టర్లే హడలిపోయారు. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ల కుర్ర డాక్టర్ తన చేతి నరంలోంచి తనే ఒక గొట్టం గుండె దాకా తోసుకుని, అలాగే నడుచుకుంటూ ఎక్స్‌రే గదికి వెళ్లి ఫోటో తీయించుకున్నాడు. పైవాళ్ల దగ్గర చీవాట్లు తిన్నాడు. 1956లో ఆయనకి మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. ఒంట్లోనే పూర్తిగా దాగి ఉండే పోర్ట్ గురించి మొదటి వ్యాసాలు వచ్చింది 1982లో. నలభై ఏళ్లు దాటిన వస్తువు ఇది, మీ అత్తగారి మీద కొత్తగా ప్రయోగం ఏమీ చేయడం లేదు.

ఆఖరి స్టేజ్ మాట ఎక్కడినుంచి పుట్టిందో ఊహించగలను. ఐసీయూలో బాగా సీరియస్‌గా ఉన్నవాళ్లకి మెడలో మూడు నాలుగు తోకల గొట్టం పెడతారు, అది చూసినవాళ్లకి మెడ దగ్గర గొట్టం అంటే అదే గుర్తొస్తుంది. అది కొద్ది రోజుల కోసం పెట్టేది, దానికీ పోర్ట్‌కీ సంబంధం లేదు. ముందు చాలా నెలల వైద్యం ఉందని తెలిసినప్పుడే పోర్ట్ పెడతారు. రక్త క్యాన్సర్‌కి వైద్యం చేయించుకుంటూ ఆడుకునే పిల్లలకీ పెడతారు. మీ అత్తగారి విషయంలో అయితే నేను ఇంకో మాట చూపిస్తాను. ఆ మూడు వారాల ఇంజెక్షన్ ఏడాది అని గడువు పెట్టి ఇస్తున్నారు. జబ్బు ఒళ్లంతా పాకిపోయిన వాళ్లకి అలా గడువు పెట్టరు, పనిచేసినంత కాలం ఇస్తూనే ఉంటారు. గడువు ఉందంటే నయం చేయాలని ఇస్తున్నారన్నమాట. ఈ ముక్క మీ డాక్టర్ నోటినుంచే ఆవిడకి చెప్పించండి, ఊళ్లో మాట పోవాలంటే పెద్ద డాక్టర్ మాటే కావాలి.

పిక్ లైన్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కోత లేదు. మోచేతికి పైన, స్కానింగ్‌లో నరం చూసుకుంటూ దాదాపు 40 సెంటీమీటర్ల మెత్తని గొట్టాన్ని లోపలికి పంపుతారు, దాని కొస కూడా పోర్ట్ గొట్టం ఆగే చోటే ఆగుతుంది. పని అయిపోయాక లాగేస్తే నిమిషాల్లో వచ్చేస్తుంది. ఎముకకి ఇన్‌ఫెక్షన్ వచ్చి ఆరు వారాలు యాంటీబయాటిక్ కావాల్సిన వాళ్లకి, కొద్ది నెలల్లో ముగిసే కీమోకి ఇది చక్కగా సరిపోతుంది. తేడా అంతా బయట ఉండే భాగంతోనే. చర్మంలోంచి బయటికి వచ్చే ఆ చోటు ఎప్పుడూ తెరిచిన తలుపే. వారానికోసారి స్టెరైల్‌గా డ్రెస్సింగ్ మార్చాలి, గొట్టాన్ని సెలైన్‌తో ఫ్లష్ చేయాలి, అంటే మూసుకుపోకుండా లోపల కడగాలి, స్నానానికి ప్లాస్టిక్ కవర్ చుట్టుకోవాలి, బరువులు ఎత్తకూడదు. బట్టకో మంచం కోడుకో తగులుకుంటే బయటికి జారుతుంది.

బ్రిటన్‌లో 18 ఆసుపత్రుల్లో 1061 మంది కీమో రోగుల మీద చేసిన పరిశీలన ఒకటి 2021లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. అందులో పిక్ లైన్‌నీ పోర్ట్‌నీ పోల్చి చూసిన చోట, ఇన్‌ఫెక్షనో, గడ్డకట్టడమో, మూసుకుపోవడమో ఏదో ఒక ఇబ్బంది వచ్చినవాళ్లు పిక్ లైన్‌తో నూటికి 47 మంది, పోర్ట్‌తో 32 మంది. పోర్ట్ వైపు మొగ్గడానికి ఇది మంచి ఆధారమే. అయితే ఆ 32ని కూడా చూడండి. పోర్ట్ పెట్టించుకుంటే ఇక ఏ బాధా ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఆ పరిశీలన జరిగిన చోట ఇంటికి వచ్చి డ్రెస్సింగ్ చేసే నర్సులు ఉంటారు. కదిరిలో ఎవరున్నారు? ఆవిడ బాగేపల్లి మీదుగా బస్సెక్కి ఊరు చేరాక, మే నెల ఎండకి చెమటపట్టి డ్రెస్సింగ్ అంచు లేచిపోతే ఎవరు చూస్తారు? ఇంకో భయం కూడా ఉంది. కీమో తర్వాత నీరసంగా ఉందని దగ్గర్లోని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తారు. ఆయన మంచి ఉద్దేశంతోనే "ఇంత మంచి లైన్ ఉండగా మళ్లీ పొడవడం ఎందుకమ్మా" అని అందులోనే గ్లూకోజ్ ఎక్కిస్తాడు. చేతులు కడుక్కున్నాడో లేదో తెలియదు. లైన్ బిగిసిందని చిన్న సిరంజీతో గట్టిగా నెడతాడు. చిన్న సిరంజీలో ఒత్తిడి ఎక్కువ, గొట్టం లోపల చిట్లవచ్చు. అందుకే 10 ఎం.ఎల్. కంటే చిన్న సిరంజీ వీటికి వాడకూడదంటాం. తెల్లకణాలు తక్కువగా ఉన్న రోజుల్లో ఆ లైన్‌లోంచి క్రిములు లోపలికి వెళ్తే నేరుగా రక్తంలోకే వెళ్తాయి. ఊరెళ్లే మనిషికి నేను పోర్ట్ అనడానికి అసలు కారణం ఇదే. సూది తీసేశాక అందులో ఎవరూ చేయి పెట్టడానికి ఏమీ ఉండదు. వాడని రోజుల్లో నాలుగు వారాలకోసారి ఫ్లష్ చేస్తే చాలు, కొన్నిచోట్ల మూడు నెలల దాకా కూడా ఆగుతున్నారు. మీకైతే మూడు వారాలకోసారి ఇంజెక్షన్‌కి ఎలాగూ వస్తారు, ఆ రోజే అయిపోతుంది.

మీ వారి వాదనలోనూ న్యాయం ఉంది. వారం వారం కీమో నడిచే ఆ 12 వారాలు ఆవిడ ఎలాగూ ప్రతి వారం వార్డుకి రావాలి, డ్రెస్సింగ్ అప్పుడే చేయించవచ్చు. ఆ ఏడాది ఇంజెక్షన్ బహుశా ట్రాస్టుజుమాబ్ అయి ఉంటుంది. అది ఎర్ర మందులా కండని కాల్చే రకం కాదు, నరం దొరికితే చేతికే ఇవ్వవచ్చు. తొడలో చర్మం కింద ఇచ్చే రకం కూడా ఉంది, దాని ధర వేరే. కాబట్టి పోర్ట్‌కి డబ్బు నిజంగానే కుదరకపోతే రెండో దారి ఇది. మిగిలిన ఎర్ర మందుకీ వారం వారం కీమోకీ కలిపి సుమారు 18 వారాలు పిక్ లైన్ ఉంచి, ఆ రోజులన్నీ ఆవిడని బెంగళూరులోనే ఉంచుకుని, తర్వాత లైన్ తీయించేసి మిగతా ఇంజెక్షన్ల సంగతి డాక్టర్‌తో తేల్చుకోవడం. ఆవిడ 18 వారాలు కదిరి వెళ్లకుండా ఉంటారా అన్నది మీ ఇంటి విషయం. పోర్ట్ ఖర్చు కంటే అదే కష్టమేమో!

లెక్క వేసేటప్పుడు ఒక్క వస్తువు ధర పక్కన ఇంకో వస్తువు ధర పెట్టి చూడకండి. ఎర్ర మందులో మిగిలిన ఆరు వారాలు, ఆపైన వారం వారం కీమోతో కలిసి మొదలయ్యే ఏడాది ఇంజెక్షన్, అన్నీ కలిపితే దాదాపు 58 వారాల వైద్యం మిగిలి ఉంది. పిక్ లైన్‌కి వారానికో డ్రెస్సింగ్ కిట్, నర్సు చార్జీ, మధ్యలో పాడైతే మళ్లీ కొత్తది. పోర్ట్‌కి మొదట్లో ఒకేసారి పెద్ద మొత్తం, తర్వాత వాడినప్పుడల్లా ఒక హ్యూబర్ సూది, చివర్లో తీయడానికి మళ్లీ చిన్న ఆపరేషన్ ఖర్చు. ఎస్టిమేట్‌లో ఈ చివరి ఖర్చు ఉందో లేదో అడగండి, చాలామంది మర్చిపోయేది అదే. పోర్ట్ వస్తువు ధర వేరుగా, ఓటీ చార్జీ వేరుగా, ఎక్స్‌రే వేరుగా రాసివ్వమనండి. ఒకే హ్యూబర్ సూదికి ఫార్మసీ బిల్లులో ఒక ధర, వార్డు బిల్లులో ఇంకో ధర వేసిన చోట్లు నాకు తెలుసు. డబ్బా మీద ఎంఆర్‌పీ ఉంటుంది, చూడండి. ఇన్సూరెన్స్ ఉంటే ముందే అనుమతి తీసుకోండి. ఆంధ్రా ఆరోగ్య కార్డు ఉంటే ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో ఇది దానికింద వస్తుందా అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి. ఇవన్నీ అడగడానికి మొహమాటపడకండి.

షుగర్ ఉంది కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంతో చూడండి. కిడ్నీలు ఇప్పటికే దెబ్బతిని ఉంటే పిక్ లైన్ వద్దంటారు. పై చేతిలో ఆ నరం మూసుకుపోతే, రేపు డయాలసిస్ అవసరమైనప్పుడు ఫిస్టులా (డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపే ఆపరేషన్) చేయడానికి చోటు ఉండదు. 2015లో మిషిగన్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నిపుణులు కూర్చుని ఎవరికి ఏ లైన్ పెట్టాలో రాసిన మార్గదర్శకంలో ఈ హెచ్చరిక స్పష్టంగా ఉంది. అందులోనే ఇంకో మాట ఉంది, ఇది మీకు కాదు గానీ మిగతా పాఠకులకి: అయిదు రోజుల్లోపు అయిపోయే మామూలు సెలైన్, యాంటీబయాటిక్‌లకి పిక్ లైన్ అక్కర్లేదు, చేతి క్యాన్యులా చాలు. రెండు వారాల దాకా అయితే మిడ్‌లైన్ అని ఒకటుంది, పై చేతిలో పెడతారు, చంక దాకా కూడా పోదు, గుండె వైపు వెళ్లదు. ఒకప్పుడు మా వార్డులో పోర్ట్ ఉన్న మనిషి వస్తే అందరం వెళ్లి చూసేవాళ్లం. ఇప్పుడు వరసగా నలుగురికి ఉంటోంది. స్కానింగ్ మిషన్లు మంచం పక్కకి వచ్చాయి, కీమో అంతా అడ్మిషన్ లేకుండా పగటిపూటే అయిపోతోంది, పెట్టడం నేర్చుకున్నవాళ్లు పెరిగారు. మంచిదే. వాడకం పెరిగినప్పుడు అక్కర్లేని చోట కూడా పెట్టేయడం పెరుగుతుంది, అందుకే "నాకు ఇదే ఎందుకు?" అని ఎవరైనా అడగవచ్చు.

పోర్ట్ పెట్టించే రోజు గురించి. తర్వాతి కీమోకి కొన్ని రోజుల ముందు, రక్తకణాలు కోలుకున్నాక పెట్టిస్తారు. ప్లేట్‌లెట్స్ 50 వేలకు పైన ఉన్నాయా అని చూస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. షుగర్ అదుపులో ఉండాలి, లేకపోతే కుట్లు త్వరగా మానవు. ఆ చోటికే మత్తు ఇచ్చి, కొంచెం నిద్ర వచ్చేలా ఇంకో మందు ఇస్తారు. గంటకి అటూ ఇటూగా అయిపోతుంది, సాయంత్రానికి ఇంటికి రావచ్చు. రెండు మూడు రోజులు ఆ చోట నొప్పి, మెడ బిగువు ఉంటాయి. ఎవరు పెడతారు, వారానికి ఎన్ని పెడతారు, స్కానింగ్ చూస్తూ పెడతారా, చివర్లో ఎక్స్‌రే తీస్తారా, ఈ నాలుగూ అడగండి. సీటీ స్కాన్‌కి కాంట్రాస్ట్ మందు వేగంగా పంపడానికి కూడా పనికొచ్చే పోర్ట్ రకం ఉంటుంది, ధరలో పెద్ద తేడా లేకపోతే అది అడగండి. పెట్టాక కంపెనీ పేరు, నంబరు ఉన్న కార్డు ఇస్తారు. ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకుని, అసలుది ఆవిడ పర్సులో పెట్టండి.

ఎడమవైపు ఆపరేషన్ కాబట్టి పోర్ట్ కుడివైపు పెడతారు. చీర కొంగు ఎడమ భుజం మీద ఉంటుంది గనుక దాని బరువు పడదు, ఇది మనకి కలిసొచ్చింది. పుస్తెలతాడు బరువైనదైతే ఆ చోట రాసుకుంటుంది, కుట్లు మానేదాకా సన్నని గొలుసులోకి మార్చుకోమనండి. హ్యాండ్‌బ్యాగ్ కుడి భుజానికి వేయకూడదు. కీమో రోజు ముందు హుక్కులున్న రవిక వేసుకుని రమ్మనండి. మెడ దాకా మూసిన నైటీలో వస్తే వార్డులో అందరిముందూ ఆవిడకే ఇబ్బంది. చిన్న విషయాలే, కానీ పెద్దావిడ "ఇంకెప్పుడూ రాను" అని మొండికేసేది ఇలాంటి వాటి దగ్గరే.

వార్డులో మీరు కళ్లారా చూడాల్సింది ఒకటుంది. పోర్ట్‌లోకి సూది గుచ్చాక నర్సు సిరంజీ వెనక్కి లాగితే రక్తం రావాలి. రక్తం రాకుండా ఎర్ర మందు మొదలుపెట్టనివ్వకండి. గొట్టం కొసకి సన్నని పొర పట్టి రక్తం రాకపోవడం మామూలే. చేయి పైకెత్తించి, దగ్గించి, ఫ్లష్ చేసి చూస్తాం, అప్పటికీ రాకపోతే గడ్డని కరిగించే మందు వేసి కాసేపు ఆగుతాం. ఆలస్యమవుతుందని మీరు తొందరపెట్టకండి.

కదిరిలో ఉన్నప్పుడు జ్వరం 100.4 ఫారెన్‌హీట్ దాటితే అది రాత్రి రెండు గంటలైనా సరే, డోలో వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. వార్డు నంబరుకి ఫోన్ చేసి, వాళ్లు చెప్పినట్టు దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. పోర్ట్ ఫ్లష్ చేసిన గంటలోపు చలి వణుకు వచ్చిందంటే లైన్‌లోనే ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని అనుమానించాలి. మెడ గానీ కుడిచేయి గానీ వాచినా, పోర్ట్ మీద చర్మం ఎర్రబడి చీము పట్టినా, మందు ఎక్కుతుండగా అక్కడ నొప్పి వచ్చినా చెప్పాలి. ఇవి ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి, అక్కడ ఆవిడతో ఉండేవాళ్ల చేతికివ్వండి. "పోర్ట్ ఉంది, హ్యూబర్ సూది లేకుండా ఎవరూ గుచ్చవద్దు" అని అందులోనే రాయండి.

తేరు విషయంలో పోర్ట్ అడ్డం కాదు, తెల్లకణాలు అడ్డం. ఎర్ర మందు ఇచ్చిన 10 నుంచి 14 రోజుల మధ్య అవి బాగా పడిపోతాయి, ఆ రోజుల్లో అంత జనంలోకి వెళ్లకూడదు. తేదీ ఏ వారంలో పడుతుందో చూసి, రెండు రోజుల ముందు రక్తపరీక్ష చేయించి డాక్టర్‌ని అడగండి. కుదిరితే వెళ్లనివ్వండి, దూరంగా ఏ మేడ మీదనుంచో చూస్తారు.

ఆవిడ ఏడుపు సంగతి చివరికి వదిలాను గానీ మీరు మొదట చేయాల్సింది అదే. మీరూ మీ వారూ ఎంత చెప్పినా వినరు. తర్వాతిసారి వార్డుకి వచ్చినప్పుడు పోర్ట్ ఉన్న పేషెంట్ ఎవరైనా తెలుగువాళ్లు ఉన్నారా అని నర్సుని అడగండి. బెంగళూరులో ఏ క్యాన్సర్ వార్డులోనైనా, హోసూరు రోడ్డు వైపు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి అయితే మరీనూ, అనంతపురం, చిత్తూరు వైపు వాళ్లు దొరక్కపోరు. ఆ ఆడమనిషి పక్కన పది నిమిషాలు కూర్చోబెట్టి, మీరు టీ తాగడానికి బయటికి వెళ్లిపోండి. చర్మం కింద ఆ ఉబ్బుని వేలితో తాకి చూస్తే, ఒక్క పోటుతో పని అయిపోవడం కళ్లతో చూస్తే, సగం భయం అక్కడే పోతుంది. అప్పటికీ వద్దంటే ఆవిడ మాట వినాలి. కొడుకు సంతకం పెట్టేస్తే సరిపోతుందనుకోకండి, ఒళ్లు ఆవిడది.

ఏడాది ఇంజెక్షన్ అయిపోయాక పోర్ట్ ఎప్పుడు తీయాలో డాక్టర్ చెబుతారు. కొందరు వెంటనే తీయిస్తారు, కొందరు మొదటి చెకప్‌లు అయ్యేదాకా ఉంచుతారు, ఉంచినన్నాళ్లూ ఫ్లష్ తప్పదు. ఎస్టిమేట్ కాగితం చేతికొచ్చాక అందులో అర్థంకాని లైన్ ఏదైనా ఉంటే పేర్లు కొట్టేసి నాకు పంపండి, చూసి చెప్తాను.